రేవు గేటు దగ్గర ఆవిడ

ఆవిడ పోయిన సంగతి నాకు నిచ్చెన మీద ఉండగా తెలిసింది.

పడవ పందేలకని గోదావరి గట్టు మీద గేటు కడుతున్నాను. నాది షామియానాలు, మైకుసెట్ల వ్యాపారం. యానాంలో పెళ్ళయినా, చర్చి పండగయినా, కబడ్డీ పోటీలయినా కర్ర పాతేది నేనే, మైకులో అరిచేదీ నేనే. కింద కాకినాడ నుంచి వచ్చిన ఇంజనీరు నిలబడి ఉన్నాడు. గేట్లలోంచి ఎంతమంది వెళ్తున్నారో లెక్కపెట్టే సెన్సరు పెట్టెలు బిగించడానికి వచ్చాడు. మాటవరసకి అడిగాను, మూడేళ్ళ కిందట మీ కంపెనీ నుంచే ఒకావిడ వచ్చింది, ఎలా ఉందని. అతను పైకి మేకు అందిస్తూ, "మేడమ్ పోయారు కదండీ. కిందటి వానాకాలం. డెంగ్యూ. నాలుగు రోజులే" అన్నాడు.

మేకు నా చేతిలోంచి జారి గడ్డిలో పడింది. నిచ్చెన దిగి, అక్కడే ఉన్న ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాను. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నది. ఆవిడ నాకు చుట్టం కాదు, స్నేహం కాదు, మొత్తం కలిపితే నెల రోజుల పరిచయం. అయినా ఈ ఊళ్ళో ఆవిడ పేరు చెడింది. చెడగొట్టినవాళ్ళలో నా గొంతు అందరికంటే పెద్దది. అందులో అన్యాయమేమీ లేదనే మూడేళ్ళూ హాయిగా అనుకున్నాను.

ఆవిడ మొదటిసారి వచ్చిన రోజు బాగా గుర్తుంది. స్కూటీ దిగింది, తలమీది హెల్మెట్ అయినా తియ్యలేదు. పేరూ ఊరూ చెప్పుకోవడం, మంచినీళ్ళు తాగడం, అలాంటివేమీ లేవు. గట్టంతా ఒకసారి చూసి, "ఇక్కణ్ణించి బయటికి దారెటండీ?" అంది. అప్పుడే వచ్చావు, అప్పుడే పోయే దారి అడుగుతున్నావేంటని నేను వేళాకోళమాడాను. నవ్వలేదు. తర్వాత తెలిసింది, ఆవిడ ఎక్కడికెళ్ళినా అడిగే మొదటి ప్రశ్న అదేనని. బ్యాంకులో అడిగింది, చర్చిలో అడిగింది, టిఫిను హోటల్లో ఇడ్లీ చెప్పకముందే అడిగింది. నడిచే దారిలో ఏదైనా అడ్డుగా ఉంటే దాని యజమాని దొరికేదాకా వదిలేది కాదు.

మా ఇంటికి ఒకసారి కాఫీకి పిలిచాను. గుమ్మంలోకి రాగానే మా పెరటి తలుపు వంక చూసింది. దానికి అడ్డంగా నావే, పెళ్ళిళ్ళ కుర్చీలు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టేసి, చున్నీ నడుముకి చుట్టుకుని ఒక్కో వరసా తీసి వసారాలో పెట్టడం మొదలెట్టింది. మా ఆవిడ నా చెవిలో, ఈ పిల్లకేమైనా తేడా ఉందా అని అడిగింది. నేను తల ఊపాను. కుర్చీలన్నీ తీశాక, చల్లారిపోయిన కాఫీ నిలబడే తాగి, "ఇప్పుడు బాగుందండీ ఇల్లు" అని వెళ్ళిపోయింది. నేను మర్నాడే వాటిని మళ్ళీ అక్కడే పేర్చాను. సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నాను.

మనతో మాట్లాడేటప్పుడు మన ముఖం చూసేది కాదు. మన భుజం మీదుగా వెనక ఎంతమంది ఉన్నారో చూసేది. పొగరని చాలామంది అనుకున్నారు, నేనూ అనుకున్నాను. మెట్టకూరులో ఒక పెళ్ళికి పందిరి వేస్తే, భోజనానికి రమ్మని నేనే తీసుకెళ్ళాను. ఆకులో సగం తిన్నాక లేచి వెళ్ళి, వంటల దగ్గర నేను కట్టిన పరదా ఊడదీసింది. పక్క తలుపు దాని వెనకాల ఉండిపోయింది మరి. పెళ్ళికూతురి తండ్రి పరుగెత్తుకొచ్చి, వంటలు అందరికీ కనిపిస్తున్నాయని గొడవ పెట్టాడు. "కనిపించనివ్వండి, బాగానే ఉన్నాయిగా" అంది ఆవిడ, మళ్ళీ వచ్చి గోంగూర కలుపుకుంటూ. ఆ పెద్దమనిషి పెరుగు వడ్డించమని కేక వేశాడు.

నాకూ ఆవిడకీ అసలు తగువు ముడి దగ్గర వచ్చింది. నేను వేసిన ముడి గాలివానకి కూడా ఊడదని ఈ చుట్టుపక్కల పేరు. సరుగుడు కర్రలు కలిపి తాడు బిగించానంటే, మళ్ళీ విప్పడానికి కత్తి కావాలి. పడవ పందేలకి రేవు మెట్ల పక్కన నేను కట్టిన కంచె చూసి ఆవిడ, ఇవన్నీ విప్పి జారుముడి వెయ్యమంది, ఒక కొస పట్టుకుని లాగితే మొత్తం ఊడి రావాలంది. ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పని ఎదురుగా నిలబడి తప్పంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. నాకైతే చెవులు కూడా మండాయి. జనం ఎంతమంది వచ్చినా వాళ్ళంతట వాళ్ళే సర్దుకుంటారు, గోదావరి నీళ్ళకి దారి ఎవరు చూపిస్తున్నారని కేకలు వేశాను. ఆవిడ గొంతు పెంచలేదు.

"నీళ్ళకి ఊపిరాడక్కర్లేదు బాబాయ్ గారూ. మనుషులకి ఆడాలి" అంది.

ఆ రోజు సాయంత్రం దాకా కూర్చుని నలభై ముడులూ విప్పించి, జారుముడులు వేయించింది. తనూ పక్కన కూర్చుని విప్పింది. గోళ్ళు విరిగాయి. మధ్యలో ఒక మాట చెప్పింది, అప్పుడు నేను చెవిన పెట్టలేదు. జనం అరుస్తున్నంతసేపూ భయపడక్కర్లేదట. ఒక మూల అరుపులు ఆగిపోతే మాత్రం అటు పరుగెత్తాలట. ఊపిరి అందనివాడు అరవలేడని చెప్పింది. ఇంత చిన్న వయసులో ఇలాంటివి ఎక్కడ నేర్చుకుందో అడగాలని కూడా నాకు తట్టలేదు.

ఇక పందేల రోజు. గట్టు మీద జనం నిలబడేచోటుని ఆవిడ మూడు భాగాలు చేసింది. మూడింటికీ మూడు గేట్లు, గేటుకో పెట్టె. పెట్టె అడుగున గుండ్రంగా ఒక అద్దం ఉంటుంది. కిందనుంచి వెళ్ళే తలలు అది లెక్కపెడుతుంది. ఆ లెక్క మైకు దగ్గర నా బల్ల మీద పెట్టిన తెరలో కనిపిస్తుంది. పచ్చగా ఉంటే ఇంకా చోటుందని అర్థం. ఎర్రగా అయితే ఆ గేటు మూసి, వచ్చేవాళ్ళని ఇంకో గేటుకి పంపాలి. మూడో గేటు రేవు గేటు. అది దాటితే నీళ్ళదాకా మెట్లు, అటూ ఇటూ నా కంచె. పొద్దున్నే ఆవిడ మూడు గేట్ల కిందా పదేసిసార్లు అటూ ఇటూ నడిచి, లెక్క సరిపోయిందని కాగితం మీద రాసుకుంది.

ఆవిడ పై గట్టు మీద కార్లు అడ్డం పెట్టినవాళ్ళతో వాదిస్తూ ఉండగా, పందేల కమిటీ పెద్దాయన కొబ్బరికాయ పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. పంతులుగారు రావడం ఆలస్యమయ్యేలా ఉంది, నువ్వే కానిచ్చెయ్ అన్నారు. నాకది కొత్త కాదు. జనరేటరు వచ్చినా, కొత్త ఆంప్లిఫయరు వచ్చినా పసుపు రాసి బొట్టు పెట్టకుండా స్విచ్చి వెయ్యను. పడవలకి పెట్టాను, మైకులకి పెట్టాను. నిచ్చెన వేసుకుని మూడు పెట్టెలకీ పెట్టాను. మొదటి రెండు ఎత్తుగా ఉన్నాయి, చెయ్యి అందినచోట పక్కన పెట్టాను. రేవు గేటు ఎత్తు తక్కువ కాబట్టి పెట్టె అడుగుదాకా చెయ్యి అందింది. కిందనుంచి చూస్తే ఆ పెట్టెకి ముఖమంటూ ఉన్నది ఆ అద్దం ఒక్కటే. ముఖానికే పెట్టాలి కదా బొట్టు. నిండుగా పసుపు అద్ది, మధ్యలో కుంకుమ పెట్టి, చిన్న బంతిపూల దండ కూడా వేశాను. కాయ కొట్టి దణ్ణం పెట్టుకున్నాను, ఎవరికీ ఏమీ కాకుండా చూడు స్వామీ అని.

మధ్యాహ్నానికి యానాం మొత్తం గట్టు మీదే ఉంది. కనకాలపేట, అగ్రహారం, అవతలి ఒడ్డు ఊళ్ళు, అందరూ వచ్చారు. పై గేట్లు రెండూ ఎర్రబడ్డాయి. రేవు గేటు పచ్చగా ఉంది. ఎంతసేపు చూసినా పచ్చగానే ఉంది. నేను మైకు పుచ్చుకుని, రేవు గేటు దగ్గర బోల్డు ఖాళీ ఉంది, తోసుకోకుండా అటు వెళ్ళండని చెప్పాను. ఒకసారి కాదు, పందేలు నడిచినంతసేపూ చెబుతూనే ఉన్నాను. ఆవిడ కూడా నా పక్కనే నిలబడి ఆ తెర చూస్తోంది.

ఆఖరి పందెం. రెండు పడవలు పక్కపక్కనే వస్తున్నాయి, గట్టంతా హోరెత్తిపోతోంది. నేను మైకులో గొంతు చించుకుంటున్నాను. ఆవిడ ఉన్నట్టుండి నా చేతిలోంచి మైకు లాక్కుని అరచేత్తో మూసేసింది. తల ఒక పక్కకి వంచి వింది. నాకు వినిపించింది ఒకటే హోరు. ఆవిడకి అందులో లేనిది వినిపించింది. చెప్పులు వదిలేసి రేవు వైపు పరుగెత్తింది.

నేను వెనకాలే వెళ్ళి చూసింది ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. మెట్ల మీద జనం నిలబడే ఉన్నారు. చేతులు పైకెత్తుకుని, నోళ్ళు తెరిచి, ముఖాలు నల్లబడి, ఎవరూ చప్పుడు చెయ్యకుండా నిలబడి ఉన్నారు. పైనుంచి ఇంకా వస్తూనే ఉన్నారు, ఖాళీ ఉందని నేనే పంపినవాళ్ళు. నేను గేటు దగ్గరే ఉండిపోయాను. ఆవిడ కంచె పక్కన బురదలోకి దిగి, తాడు కొస పట్టుకుని ఒక్క లాగు లాగింది. ముడి జారింది. తర్వాతిది లాగింది, ఆ తర్వాతిది. కంచె పక్కకి ఒరిగి, జనం ఒకరి మీద ఒకరు ఒండ్రులోకి పడ్డారు. అప్పుడు వినిపించాయి అరుపులు.

ఎవరి ప్రాణమూ పోలేదు. ఒక ముసలాయనకి పక్కటెముకలు విరిగాయి. కనకాలపేటలో రొయ్యల షెడ్డుకెళ్ళే అమ్మాయికి కుడిచెయ్యి మణికట్టు దగ్గర నుజ్జయింది. మిగతావాళ్ళు దెబ్బలతో బయటపడ్డారు. నేను కట్టే ముడులే ఉండి ఉంటే ఏమయ్యేదో తలుచుకోవడానికి నాకు ధైర్యం చాలదు.

అంబులెన్సులు వెళ్ళిపోయాక చూస్తే, ఆవిడ ఒంటినిండా బురదతో రేవు గేటు కింద స్టూలెక్కి ఆ పెట్టె దింపుతోంది. దండ తీసి పక్కన పెట్టింది. అద్దాన్ని చాలాసేపు చూసింది. చున్నీ కొసతో తుడిచింది. పాపం, దుమ్ము తుడుస్తోందనుకున్నాను నేను.

"పొద్దున్న దీనికి పూజ ఎవరు చేశారండీ?" అని అడిగింది.

"నేనేనండి. దేనికీ లోటు చెయ్యలేదు, మూడింటికీ చేశాను" అన్నాను, కాస్త గొప్పగానే.

ఆవిడ మొదటిసారి నా ముఖంలోకి చూసింది. నా వెనక ఎవరున్నారో చూడలేదు, నన్నే చూసింది. "మంచిదండీ" అని పెట్టెని సంచీలో పెట్టుకుంది.

వారం తర్వాత మున్సిపల్ ఆఫీసులో విచారణ పెట్టారు. ముసలాయన కొడుకులు వచ్చారు, కమిటీ వచ్చింది, ఊళ్ళోవాళ్ళు వరండా నిండా నిలబడ్డారు. ఎవరో ఒకరి నెత్తిన పడాల్సిన తప్పు అది. నేను లేచి నిలబడి, మిషను పచ్చ చూపించింది కాబట్టే మైకులో చెప్పానని, మనిషి కళ్ళు మానేసి పెట్టెల్ని నమ్మితే ఇలాగే ఉంటుందని, ఆవిడ వైపు వేలు చూపిస్తూ చెప్పాను. వరండాలో చప్పట్లు కొట్టారు కూడా. ఆఫీసరు ఆవిణ్ణి అడిగారు. పొద్దున్న సరిచూశాననీ, జనాన్ని వదిలేముందు మళ్ళీ చూడలేదనీ, పొరపాటు తనదేననీ చెప్పింది. రెండు వాక్యాలు. ఆవిడ అంతటితో కూర్చునేసరికి, నేను గెలిచాననుకుని ఇంటికొచ్చి కోడికూర తిన్నాను. తర్వాత మూడేళ్ళూ ఎక్కడ పందిరి వేసినా ఆ కథ చెప్పి నవ్వించాను. లెక్కలమ్మ అని పేరు పెట్టింది కూడా నేనే.

ఇప్పుడు ఇంజనీరు మంచినీళ్ళ సీసా తెచ్చి ఇచ్చాడు. నేను తేరుకున్నాననుకుని, పని చూసుకుందామంటూ ఒక కాగితం చేతిలో పెట్టాడు. పెట్టెలు బిగించేటప్పుడు వరసగా చెయ్యాల్సిన పనుల జాబితా. ఎత్తు ఎంత, వైరు ఎటు, ఎవరు సంతకం పెట్టాలి, అలాంటివి. ఆఖరి వాక్యం దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. "పూజ జరిగితే, అయ్యాక అద్దాలు తుడిచి, లెక్క మళ్ళీ సరిచూడాలి."

ఇదెందుకు రాశారని అడిగాను.

"అది మేడమ్ పెట్టించారండీ. ఇక్కడి గొడవ తర్వాత ఆవిణ్ణి బయటి పనులకి పంపడం మానేశారు. ఆఫీసులో కూర్చుని మాకు నేర్పేవారు. ఈ ఊళ్ళో ఎవరో పెద్దాయన భక్తి కొద్దీ అద్దం మీదే బొట్టు పెట్టారటండీ. సగం తలలు దానికి కనపడలేదు."

నేను ఎవరా పెద్దాయన అని అడిగాను. ఎందుకడిగానో ఆ దేవుడికే తెలియాలి.

"చెప్పలేదండీ. మేమూ అడిగాం, రిపోర్టులో ఆ సంగతి రాసుంటే మీ ఉద్యోగానికి మచ్చ వచ్చేది కాదు కదా అని. 'నేను సాయంత్రానికి బండెక్కి వెళ్ళిపోతాను, ఆయన ఆ ఊళ్ళోనే బతకాలి' అన్నారు."

గోదావరి వైపు చూస్తూ కూర్చున్నాను. వేలికి ఆ అద్దం చల్లదనం తగిలినట్టే ఉంది. దేవుడి పేరు చెప్పుకుని ఒక యంత్రం కళ్ళు మూసింది నేను. మూసి, ఖాళీ ఉంది రండని పిలిచింది నేను. ఆ తర్వాత నలుగురిలో లేచి, నన్ను కాపాడడానికే నోరు మూసుకుని కూర్చున్న మనిషి మీదికి వేలు చూపించింది నేను. ఆ వేలే. ఆవిడ ఎదురుగా కూర్చుని ఆ వేలు చూస్తూ ఏమనుకుందో! ఇంజనీరుకి, ఆ పెద్దాయన నేనేనని చెప్పాను. అతను కాగితం వంక, నా వంక చూసి, నిచ్చెన పట్టుకున్నాడు.

పని అక్కడే వదిలేసి కనకాలపేట వెళ్ళాను. చెప్పుకోవడానికి ఆవిడ లేదు. చెయ్యి విరిగిన అమ్మాయి ఉంది. మూడేళ్ళలో ఒక్కసారి కూడా పలకరించడానికి వెళ్ళలేదు నేను. ఇల్లు అడుగుతూ వెళ్తే, గుమ్మంలో ఎడం చేత్తో బియ్యం ఏరుకుంటోంది. కుడిచెయ్యి ఒళ్ళో ఊరికే ఉంది. వేళ్ళు ముడుచుకోవట, షెడ్డులో రొయ్య తల తియ్యడానికి పట్టు చాలదట, మానేసిందట. కూర్చోమని పీట వేసింది. నేను నిలబడే చెప్పేశాను. బొట్టు, అద్దం, మైకు, విచారణ, అన్నీ. ఆ మేడమ్ తప్పేమీ లేదు, నీ చెయ్యి పోయింది నా వల్ల అన్నాను.

తిడుతుందని, మీదికి ఏదైనా విసురుతుందని ఎదురుచూశాను. ఆ అమ్మాయి చేట పక్కన పెట్టింది.

"ఆయమ్మ ఇక్కడికొచ్చింది పెదనాన్నా. మూడుసార్లొచ్చింది. తప్పు నాదేనమ్మా, క్షమించు అని ఇక్కడే నిలబడి ఏడిసింది. మూడోసారి చీపురు తిరగేసి కొట్టాను. ఒంటిమీద పడ్డా కదల్లేదు."

ఆ అమ్మాయి నన్ను చూడడం లేదు. ఆవిడ నిలబడిన చోటు చూస్తోంది.

"ఎక్కడుందో సెప్పండి. నేనెళ్ళి కాళ్ళట్టుకుంటాను."

పోయిందని చెప్పాను. నాలుగు రోజుల జ్వరమని చెప్పాను. ఆ అమ్మాయి లేచి, పీట తీసేసి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. నన్ను కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది.